నున్నటి గీత

టీవీలు, మిక్సీలు బాగుచేసే అంగడికి మధ్యాహ్నం పూట బేరాలు తక్కువ. సుధాకర్ తన సొంత పని ఆ తీరికలోనే పెట్టుకునేవాడు. ఆరోజు అరచేతిలో ఇమిడే నల్లడబ్బా ఒకదాని మూత ఊడదీసి, బల్ల మీద మడిచి పరిచిన తువ్వాలు మీద బోర్లా పెట్టాడు. దాని పేరు స్పెక్ట్రమ్ అనలైజర్. పెద్ద ప్రయోగశాలల్లో బల్లంత వెడల్పున ఉండే యంత్రం చేసే పనిని, నాసిగానైనా, ఈ చవక డబ్బా చేస్తుంది. గాలిలో ఏ తరంగం ఎంత బలంగా ఉందో చిన్న తెర మీద పసుపుపచ్చ గీతగా చూపిస్తుంది. ఏమీ లేనప్పుడు గీత తెర అడుగున సన్నగా వణుకుతూ పడి ఉంటుంది. ఎక్కడైనా రేడియో పలికితే అక్కడ మేకులా లేస్తుంది. కరెంటు తీగను మోసే పింగాణీ పగిలి, ఆ పగులులో నిప్పురవ్వలు చిమ్ముతుంటే మాత్రం గీత మొత్తం గరిక పట్టిన గట్టులా ఉబ్బిపోతుంది.

ఆ నిప్పురవ్వలే అతనికి కావలసినవి. సుధాకర్‌కు హామ్ రేడియో లైసెన్సు ఉంది. పొద్దున్నే అంగడి తెరవకముందు మిద్దె మీది గదిలో కూర్చుని, ఆదోనిలో ఉండే భీమరావు మాస్టారుతో, ఇంకా దూరపు ఊళ్ళ మిత్రులతో మాట్లాడటం అతని అలవాటు. కొంతకాలంగా మాస్టారి గొంతు, కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు, చిటపటల కింద మునిగిపోతోంది. ఎమ్మిగనూరు చుట్టూ ఏ స్తంభం మీద ఏ పింగాణీ పగిలిందో వెతికి పట్టుకోవడానికే ఈ డబ్బా కొన్నాడు. కొన్నాక తెలిసింది, దూరపు రవ్వలు దానికి వినిపించవని. అందుకని ఇప్పుడు, బ్యాటరీ పక్కన ఉన్న ఖాళీలో, గోరంత యాంప్లిఫయర్ పలక ఒకటి ఇరికిస్తున్నాడు.

"మళ్ళా దాని పొట్ట కోసినావా అన్నా? పాపం, అది నీకేం అన్యాయం చేసింది?"

వీరేష్ వచ్చాడు. కాగితంలో చుట్టిన మిరపకాయ బజ్జీలు బల్ల కొసన పెట్టి, స్టూలు లాక్కున్నాడు. అతను పుల్లన్న అనే కాంట్రాక్టరు కింద లైను పని చేస్తాడు. స్తంభాలెక్కడం, తీగలు బిగించడం, పగిలిన పింగాణీలు మార్చడం అతని పని.

"దీనికి చెవుడప్పా. చెవిలో మందు పోస్తాండా."

"మా మామకు గూడా పొయ్యరాదా? పిల్లనిచ్చినప్పట్నుంచీ నా మాట వినబల్లేదు ఆయనకు."

సుధాకర్ నవ్వి, చెయ్యి కదలకుండా ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత తీగను యాంప్లిఫయర్ కాలికి ఆనించాడు. సోల్డరింగ్ కడ్డీ మొన తగలగానే సీసం చుక్క మెరిసి చల్లారింది. బ్యాటరీ నుంచి యాంప్లిఫయర్‌కు కరెంటు మోసేది ఆ ఒక్క తీగే. దాని మీద చుక్క వేడి జిగురు పెడితే కుదుపులకు కదలదు. పెట్టబోయి ఆగాడు. దానికి ఇంకా చిన్న స్విచ్చు ఒకటి బిగించాలని ఉంది. అప్పుడు మళ్ళీ ఊడదీయాలి కదా, జిగురు గోకడం ఎందుకు అనుకున్నాడు.

మూత బిగించి, స్టీలు కొలతపట్టీ ముక్కలతో తానే చేసుకున్న చిన్న ఏరియల్ తగిలించి, పడమటి వైపు చూపాడు. గీత ఒక్కసారిగా లేచి నురగ కట్టింది.

"ఆదోని దావలో, జిన్నింగు మిల్లు ఎనక. ఆడనే యాడనో ఉండాది."

"రేపు పొద్దున పోదాంపా. మిల్లు కాడ పింగాణీ మార్చాలని పుల్లన్న గూడా అంటాండాడు."

"కొత్త రాడ్డు ఇచ్చినాడా?"

పొడవాటి కర్రకు కొక్కెం, కొక్కేనికి రాగితీగ, తీగకు భూమిలో దిగేసిన మేకు: దాన్నే వాళ్ళు రాడ్డు అంటారు. తీగను ముట్టుకునే ముందు దాన్ని తగిలిస్తే, పొరపాటున కరెంటు ఉన్నా అది భూమిలోకి పోతుంది. మనిషిలోకి రాదు.

"ఇస్తా ఇస్తా అంటాండాడు. పాతదాని తీగ తెగి శానా నాళ్ళాయె." వీరేష్ బజ్జీ కొరికి, కారానికి నాలుక చప్పరించాడు. "నీ డబ్బా ఉండాది గదా, నాకు రాడ్డెందుకు?"

సుధాకర్ నవ్వాడు. కాదనలేదు.

ఆ కాదనకపోవడం ఒక్కరోజులో వచ్చింది కాదు. మొదట్లో వీరేష్ సబ్‌స్టేషన్‌లో కరెంటు తీయించి, ఎల్సీ అనే లైన్ క్లియర్ నంబరు తీసుకుని, రాడ్డు వేసి, ఆ తర్వాతే ఎక్కేవాడు. కింద నిలబడ్డ సుధాకర్ సరదాకు డబ్బా చూసి, కరెంటు తీయగానే గీత పడిపోయిందని చెప్పేవాడు. తర్వాత కొన్నాళ్ళకు, రాడ్డు వేసేముందు వీరేష్ తనే అడగడం మొదలుపెట్టాడు. రాడ్డు తీగ తెగిపోయాక అడగడం ఒక్కటే మిగిలింది. రవ్వలు ఆగిపోవడానికి కరెంటు పోవడమే కారణం కానక్కరలేదనీ, మంచు పడినా, గాలి నిలిచినా అవి ఆగిపోతాయనీ సుధాకర్‌కు తెలుసు. కానీ టీవీల మధ్య కూర్చుని ఎవరితోనో గాలిలో మాట్లాడుకునే తన పిచ్చి, మొదటిసారి ఒక మనిషికి అక్కరకొచ్చింది. ఆ సంతోషంలో, తెలిసిన ఆ ఒక్క మాట నోటిదాకా రాలేదు.

*

మరుసటి ఉదయం ఆదోని దారి పొడుగునా పత్తి లారీలు. కట్టిన తాళ్ళ సందుల్లోంచి జారిన పత్తి, గుంతల అంచుల్లో మురికి పట్టి ఉంది. వీరేష్ బండి నడిపాడు. సుధాకర్ వెనక కూర్చున్నాడు. డబ్బా ట్యాంకు మీది సంచిలో ఎగిరెగిరి పడుతోంది.

మిల్లు వెనక చేనుగట్టు మీద స్తంభం. కాయ ఏరేసిన పత్తికట్టెలు మోకాలెత్తు నిలబడి ఉన్నాయి. వీరేష్ నడుముకు తాడు చుట్టుకుని, కొత్త పింగాణీ గుడ్డసంచిలో వేసుకుని, పుల్లన్నకు ఫోను కలిపాడు. చేతులకు పని ఉండటంతో స్పీకరు పెట్టి ఫోను గట్టు మీద ఉంచాడు.

"ఎల్సీ తీసుకున్యావా అన్నా?"

"సెప్పినాలేరా, ఎక్కు. మిల్లోళ్ళు పొద్దున్నుంచీ నా నెత్తిన కూసున్నారు. బిరీన ఎక్కి బిరీన దిగు."

"నంబరు సెప్పన్నా, సబ్‌స్టేషన్ వాళ్ళు ఇచ్చింది."

"ఇస్తాలేరా నంబరు! ఎక్కమంటాంటే ఎక్కవేమి?"

పుల్లన్న ఫోను పెట్టేశాడు. వీరేష్ తీగల వైపు చూశాడు, మళ్ళీ ఫోను వైపు చూశాడు. తర్వాత సుధాకర్ వైపు తిరిగాడు.

"నీ డబ్బా ఏమంటాంది అన్నా?"

సుధాకర్ ఏరియల్‌ను స్తంభం తలకు గురిపెట్టాడు. గీత తెర అడుగున పడి ఉంది. వణుకు కూడా లేదు. అంత శుభ్రమైన గీతను అతను యాంప్లిఫయర్ పెట్టాక చూడలేదు. యాంప్లిఫయర్ పనిచేస్తున్నప్పుడు దాని సొంత సొద వల్ల గీత కాస్త పైకి లేచి ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా ఆ క్షణంలో, మబ్బు విడిచిన ఆకాశాన్ని చూసినట్టు, ఆ నున్నదనాన్ని చూసి మనసు హాయిగా అయింది.

"నున్నగుంది. ఎక్కప్పా."

వీరేష్ చెప్పులు విడిచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఎక్కాడు. ఇనుప అడ్డకమ్మీ దగ్గర నడుము తాడు చుట్టుకున్నాడు. పై నుంచి కిందికి చూసి, "ఈడ నుంచి మీ మాస్టారిల్లు గూడా కనపడతాందన్నా, కాఫీ తాగుతాండాడు" అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిగుడ్డ బండ మీద కొట్టినట్టు ఒక్క దెబ్బ. తాడు అతన్ని పట్టుకుంది. తల ఒక పక్కకు వాలింది. మిల్లు వైపు నుంచి మనుషులు అరుస్తూ పరుగెత్తుకొస్తున్నారు.

సుధాకర్ అరవలేదు. చేతిలోని తెర వైపు చూశాడు. ఎదురుగా, అంత దగ్గరలో, అంత నిప్పు రేగినా గీత కదలలేదు. అడుగున నున్నగా, అట్లాగే ఉంది.

*

వీరేష్‌ను మన్ను చేసి వచ్చాక అంగడి తలుపు ఓరగా వేసుకుని అతను డబ్బా మూత ఊడదీశాడు. వెతకాల్సిన పని లేకపోయింది. వెంట్రుకంత తీగ సీసం చుక్కలోంచి ఊడి, పక్కకు వంగి నిలబడి ఉంది. గుంతల కుదుపులకు ఊడింది. జిగురు పెట్టి ఉంటే ఊడేది కాదు. కరెంటు అందని యాంప్లిఫయర్ మూసిన తలుపులాంటిది. లోపలికి ఏదీ రానివ్వదు. అసలు దాన్ని అక్కడ పెట్టకపోయి ఉంటే, ఆ చెవిటి డబ్బాకు కూడా, అంత దగ్గరలో, రవ్వలు వినిపించేవి. కారణం వెనక కారణం వెతుక్కుంటూ పోతే ప్రతి మలుపులోనూ తన వేళ్ళే కనిపించాయి.

తలుపు తోసుకుని పుల్లన్న వచ్చాడు. అతని కళ్ళు కూడా వాచి ఉన్నాయి. పాడె ముందు నిజంగానే ఏడ్చాడు, వీరేష్ ఇంటికి బియ్యం మూట పంపాడు. స్టూలు మీద కూర్చుని, విప్పి ఉన్న డబ్బాను చాలాసేపు చూశాడు.

"ఇదేనా అది?"

సుధాకర్ ఊడదీసిన మూతను పక్కకు జరిపాడు.

"మిల్లు కాపలాదారు సూసినాడంట. నువ్వు ఇది సూసి ఎక్కమంటివంట." పుల్లన్న గొంతు తగ్గించాడు. "నేనేం నిన్ను అనడంల్యా. నువ్వు గూడా నన్ను అనాకు. విచారణకు అధికారులొస్తారు. నేను ఆగమంటి, వాడే తొందరపడి ఎక్కినాడని సెప్తా. ఎల్సీ మాట నువ్వెత్తితే, ఈ డబ్బా మాట నేనెత్తాల్సొస్తాది. బొమ్మను నమ్మి ఎక్కినాడంటే వాని పెండ్లాం రేణుకకు గూడా పరిహారం ఏం రాదు సూడు."

"నువ్వు ఆగమన్యావా పుల్లన్నా? నా చెవులారా విన్నా గదా నేను."

"ఇద్దరమూ శానా విన్నాములే," అంటూ పుల్లన్న లేచాడు. "ఇంగ మతికి పెట్టుకునేది మన చేతుల్లో ఉండాది."

మరునాడు ఉదయం సుధాకర్ అలవాటు చొప్పున మిద్దెక్కి రేడియో పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. ప్రమాదం జరిగాక వేరే మనుషులొచ్చి స్తంభం మీద కొత్త పింగాణీ బిగించి పోయారు. చిటపట లేదు. ఆ నిశ్శబ్దంలో ఆదోని నుంచి భీమరావు మాస్టారి గొంతు, పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా, దగ్గు, చెంచా గ్లాసుకు తగిలిన చప్పుడుతో సహా వచ్చింది. ఆయన సుధాకర్‌ను పిలుస్తున్నాడు. ఒకసారి, రెండోసారి, ఆగి ఇంకోసారి పిలిచాడు. ఇన్నాళ్ళూ ఈ శుభ్రత కోసమే అతను వెతికాడు. మైకు మీట మీద బొటనవేలు పెట్టి, నొక్కలేక, రేడియో కట్టేశాడు.

ఆ పూటే బస్సెక్కి ఆదోనికి పోయాడు. భీమరావు ఆదోనిలో ఏళ్ళ తరబడి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన మనిషి, సుధాకర్‌కు రేడియో నేర్పినవాడు. ఆయన భార్య అలివేలమ్మ మంచినీళ్ళిచ్చి లోపలికి పోయింది. సుధాకర్ చెప్పినదంతా మాస్టారు కళ్ళు మూసుకుని విన్నాడు. భూతద్దం పెట్టి ఊడిన తీగను చూశాడు.

"సీసం సరిగ్గానే పట్టింది. జిగురొక్కటే లేదు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత డబ్బాను తిరిగి చేతిలో పెట్టాడు. "సుధాకర్, జరిగింది జరిగినట్టు చెప్పు. ఫోను మాటా చెప్పు, డబ్బా మాటా చెప్పు. సగం చెబితే ఆ మిగతా సగం నిన్ను బతకనివ్వదు."

"చెప్తాను సార్."

ఆ మాట అన్నాక గుండె కొంచెం కుదుటపడింది. అది ఎవరి కోసం కుదుటపడిందో అప్పుడు ఆలోచించలేదు.

*

రేణుక ఇంటిముందు పందిరి కింద కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. దినాలు తీరకముందే ఆమె చేత పని పట్టించినందుకు ఇరుగుపొరుగు గుసగుసలాడుకుంటున్నారు. నిజానికి ఆమెను ఎవరూ పనికి పెట్టలేదు. మగ్గాల ఇంటినుంచి నూలు తనే అడిగి తెచ్చుకుంది. కూతురు అంజలి గడపలో కూర్చుని ఖాళీ కండెలను వరసగా నిలబెడుతోంది.

"రా అన్నా. కూసో."

సుధాకర్ కూర్చోలేదు. దారంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కసారిగా అనేశాడు. డబ్బా సంగతి, తీగ సంగతి, తను ఎక్కమన్న సంగతి. ఆమె రాట్నం తిప్పుతూనే ఉంది. పోగు తెగింది. రెండు కొసలూ వేళ్ళ మధ్య మెలిపెట్టి ముడివేసి, మళ్ళీ తిప్పింది.

"నాకు తెల్సు అన్నా."

"ఏం తెల్సమ్మా?"

"రాడ్డు ల్యాకుండా ఎక్కుతాండావు, నీకేమన్నా అయితే ఎట్ల అంటాంటి. అన్న డబ్బా ఉండాదిలేవే అనేటోడు. ఆ పొద్దు బండెక్కేటప్పుడు గూడా అదే మాట."

అతను పందిరి గుంజ పట్టుకున్నాడు.

"పుల్లన్న ఎక్కమన్నాడా, ల్యాదా?" అంది ఆమె.

"అన్నాడు. ఎల్సీ సెప్పినా, ఎక్కు అన్నాడు."

"నువ్విన్యావు గదా."

"విన్నా."

"అయితే అది సెప్పు. రెండోది నాకు సెప్పినావు, అంతటితో సాలు."

"అది సెప్పకుంటే ఎట్లమ్మా? సగం నిజం అబద్ధం కిందనే లెక్క. నేను మొత్తం సెప్పేస్తా, నాకేం శిక్ష ఏసినా సరే..."

రేణుక రాట్నం ఆపింది. మొదటిసారి తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"నీకు శిక్ష ఏస్తే నీకు నిద్ర పడతాది. సరే. డబ్బాను నమ్మి ఎక్కినాడని రాసుకుంటే తప్పు ఆయప్పదే అయితాది. పుల్లన్న సేతులు కడుక్కుంటాడు. ఈ బిడ్డకు ఏం మిగుల్తాది? నీ మనసు తేలిక సేసుకునేదానికి నా బిడ్డ కూడు అడగాకు అన్నా."

ఆమె మళ్ళీ రాట్నం పిడి పట్టుకుంది.

"నిన్ను మన్నించినా అనుకోవద్దు. ఆ మాట నేను అన్లే. నీ బరువు నువ్వే మొయ్యి. నేను నాది మొయ్యడంల్యా?"

అంజలి నిలబెట్టిన కండెలు గాలికి పడిపోయాయి. ఆ పిల్ల వాటిని మళ్ళీ మొదటి నుంచి నిలబెట్టడం మొదలుపెట్టింది.

*

విచారణ ఎమ్మిగనూరులోనే, ఒక పాత గోదాము ముందుగదిలో జరిగింది. కర్నూలు నుంచి వచ్చిన అధికారిణి నడివయసు మనిషి. ఎవరినీ గద్దించకుండా, ఎవరి మాటకూ తల ఊపకుండా అడుగుతోంది. పుల్లన్న తన వాంగ్మూలం ముందే ఇచ్చి, గోడవారన కుర్చీలో కూర్చున్నాడు. తలుపు దగ్గర బెంచీ మీద రేణుక, కొంగు భుజం చుట్టూ లాక్కుని, నేల చూస్తోంది.

ఫోనులో పుల్లన్న ఏమన్నాడో సుధాకర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. "నంబరు అడిగితే తర్వాత ఇస్తానన్నాడు మేడమ్," అన్నాడు. పుల్లన్న గోడకు ఆనుకున్నవాడు ముందుకు వంగాడు.

"మేడమ్, ఆ డబ్బా సంగతి అడగండి. వాడు దాన్ని సూసే ఎక్కినాడు, నా మాటకు కాదు. మిల్లు కాపలాదారు సూసినాడు."

కాపలాదారు చెప్పింది విని అధికారిణి తెమ్మని ముందే కబురు చేసి ఉండటంతో సుధాకర్ డబ్బాను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అధికారిణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది దేనికి?"

"రేడియోలో సొద యాడ నుంచి వస్తాందో కనుక్కునేదానికి మేడమ్. నాకు హామ్ లైసెన్సు ఉండాది."

"తీగలో కరెంటు ఉందో లేదో ఇది చెబుతుందా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇన్ని రోజుల్లో ఎవరూ అతన్ని అడగని, అడగవలసిన ప్రశ్న ఇదే.

"చెప్పదు మేడమ్."

"చెప్పదని వీరేష్‌కు తెలుసా?"

సుధాకర్ బెంచీ వైపు చూడలేదు. చూడకుండానే, అక్కడ కొంగు పట్టుకున్న చెయ్యి ఆగిపోయిందని తెలిసింది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నేనే చెప్పినా మేడమ్. దీన్ని నమ్మి కాదు, పుల్లన్న ఎక్కమంటేనే ఎక్కినాడు."

"అబద్ధం!" అన్నాడు పుల్లన్న. అధికారిణి చెయ్యెత్తి అతన్ని ఆపింది. కలం సర్దుకుంది.

"ఏమని చెప్పారు? మీరు అతనితో అన్న మాటలే చెప్పండి. అవే రాసుకుంటాను."

సుధాకర్ బల్ల మీది డబ్బాను కాక, బల్లకు అవతల వీరేష్ నిలబడి ఉన్నట్టు అటు చూస్తూ మొదలుపెట్టాడు.

"గీత నున్నగుందంటే తీగ సచ్చిందని కాదప్పా. మంచుకు నున్నగయితాది, గాలి నిల్చినా నున్నగయితాది, దీంట్లో ఒక పోగు ఊడినా నున్నగయితాది. ఇది నా ఆటకు, నీ ప్రాణానికి కాదు. నంబరు సెప్పిందాక ఎక్కాకు. రాడ్డు ల్యాకుంటే అసలే ఎక్కాకు. పుల్లన్న తిడితే తిట్నీ. ఇంటికి పోదాంపా, అని చెప్పినా."

బెంచీ మీద రేణుక మోకాళ్ళలో ముఖం దాచుకుంది. ఊపిరి ఎక్కడో తట్టుకున్నట్టు ఆమె వీపు ఒక్కసారి ఎగిసిపడింది.

అధికారిణి కలం సగంలో ఆగింది.

"కొంచెం నెమ్మదిగా. మళ్ళీ చెప్పండి," అంది.

సుధాకర్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.